కొలిచారా, వడ్డించారా?

"మన దగ్గర వృత్తిసేవల రంగం దూసుకుపోతోంది" అని మైకుల్లో వింటుంటాం. విన్నప్పుడల్లా నాకు హన్మకొండ అదాలత్ దగ్గర బల్లేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి గుర్తొస్తాడు. ఓసారి ఆయన్నే అడిగాను, "మీ రంగం బాగా పెరిగిందట గదా?" అని. స్టాంపు కాగితాలు సర్దుకుంటూ, "ఎవలు జెప్పిన్రు సార్? నన్నెవ్వలూ అడగలే" అన్నాడు.

నవ్వకండి. అసలు సంగతి ఆ మాటలోనే ఉంది.

మన రాష్ట్ర ఉత్పత్తి పట్టికల్లో వృత్తిసేవలకు సొంత గడి లేదు. "స్థిరాస్తి, నివాసగృహ యాజమాన్యం, వృత్తిసేవలు" అని ఉమ్మడి కాపురం. వకీళ్లు, ఆడిటర్లు, ఆర్కిటెక్టులు అందులోనే. ప్లాట్లమ్మే ఏజెంట్లూ, సాఫ్ట్‌వేరు కంపెనీలూ అందులోనే. సొంతింట్లో ఉండేవాడు తనకు తాను కట్టుకున్నట్టు లెక్కేసే ఊహా అద్దె కూడా అందులోనే! కేసుల్లేక మధ్యాహ్నం కునుకు తీసే వకీలు సైతం ఆ గడిని నింపుతూనే ఉంటాడు. వాదించినందుకు కాదు, ఇల్లున్నందుకు.

వృత్తి ఏదో తేల్చే పద్ధతి ఇంకా ముచ్చటైంది. జాతీయ పారిశ్రామిక వర్గీకరణ–2008 ప్రకారం వృత్తిసేవలు ఎం విభాగం. న్యాయంతో, అకౌంట్లతో మొదలై ప్రకటనలు, ఫొటోగ్రఫీ మీదుగా 75వ నంబరు పశువైద్యంతో ముగుస్తుంది. మనుషుల వైద్యం మాత్రం క్యూ విభాగం. అంటే బర్రెకు సూదేసే డాక్టరు వకీలు గారి పంక్తిలో కూర్చుంటాడు. ఎంజీఎం ఆసుపత్రిలో రాత్రంతా మేలుకునే డాక్టరుకు ఆ పంక్తిలో విస్తరి లేదు.

సరే, పంక్తి కుదిరింది, సంపాదన తెలిసేదెలా? వృత్తిపన్ను చూద్దామంటే రాజ్యాంగం 276వ అధికరణ 1988 నుంచి దాన్ని ఏడాదికి 2,500 రూపాయల దగ్గర ఆపేసింది. లక్షల ఫీజు పుచ్చుకునే పెద్దాయనా అంతకు మించి కట్టడు. జీఎస్టీ చూద్దామంటే 20 లక్షల లోపు సేవలకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఆదాయపు పన్ను చట్టం ఇంకా ఉదారమైంది. లెక్కల పుస్తకం వద్దు, వచ్చిన ఫీజులో సగం మిగిలిందనుకుందాం, పొమ్మంది. చిన్నవాళ్ల సంగతి ఇదీ, కంపెనీలైనా నయమా అంటే, 2016–17 సేవారంగ సర్వేకు జాబితా పట్టుకుని వెళ్లిన జాతీయ నమూనా సర్వే సిబ్బందికి మూడో వంతుకు పైగా కంపెనీలు దొరకనే లేదు, లేదా వేరే వ్యాపారంలో కనిపించాయి. 2019లో వాళ్ల నివేదికే ఈ మాట చెప్పింది.

ఇక మన ఊరు వరంగల్ వంతు. ఇలాంటి సేవల్లో జిల్లా ఉత్పత్తిని చాలావరకు జిల్లాలో కొలవరు. రాష్ట్రం మొత్తాన్ని పనివాళ్ల తలల లెక్కన జిల్లాలకు పంచుతారు. పెళ్లిలో వంట ఒకచోట, వడ్డన ఒకచోట అన్నట్టు. హైదరాబాద్ గుండిగలో ఎసరు పొంగితే ఓరుగల్లు విస్తట్లో మెతుకులు పెరుగుతాయి. మనం పొయ్యి వెలిగించామా అని ఎవరూ అడగరు.

ఆ తలలైనా నిలకడగా ఉన్నాయా? చివరి జనగణన జరిగిన 2011లో వరంగల్ ఒకటే జిల్లా. 2016లో అది ఐదు ముక్కలైంది. 2021లో ఆ ముక్కల్లో వరంగల్ అర్బన్ హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. నగరపాలక సంస్థ ఒకటే, జిల్లాలు రెండు. కరీమాబాద్‌లో ఇల్లు, అదాలత్‌లో ప్రాక్టీసు ఉన్న వకీలు పొద్దున స్కూటర్ మీద జిల్లా దాటుతాడు. ఇంటింటి సర్వేలో ఆయన తల వరంగల్‌ది, వాదన హన్మకొండది. తలను బట్టి వడ్డిస్తే ఆయన నోరు ఏ జిల్లా ఖాతాలో పడాలి?

ఈ లెక్కలు కట్టే అర్థగణాంక శాఖ వారితో నాకు పేచీ లేదు. వేల చిన్న గదుల్లో చేతులు మారే ఫీజును ఎవరు లెక్కపెట్టగలరు? అంచనా తప్పదు. వాళ్లు కాగితం మీద "అంచనా" అనే రాస్తారు. మైకు దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క మాట రాలిపోయి మిగిలింది ప్రగతి అవుతుంది. నిజంగా మన ఊరి పని తెలుసుకోవాలనుంటే, ఏడాదికెన్ని వకాల్తాలు పడ్డాయో కోర్టులో ఉంది, ఎన్ని దస్తావేజులయ్యాయో సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, ఎన్ని ఇంటి ప్లాన్లు మంజూరయ్యాయో నగరపాలక సంస్థలో ఉంది. రూపాయలు తెలియకపోయినా పని తెలుస్తుంది. కానీ అక్కడ సంఖ్య తగ్గే ప్రమాదం కూడా ఉంది మరి!

ఇదంతా లేఖరికి వివరించాను. కాసేపు ఆలోచించాడు.

"అంటే నేను బల్ల మూసి ఇంట్ల పంటే గూడ లెక్క తగ్గదా సార్?"

"తగ్గదు, సొంతిల్లయితే."

"కిరాయిల్లు సార్."

"అయితే మీ రంగాన్ని నడుపుతున్నది మీరు కాదు, మీ ఓనరు."