పాత మరకు ఎత్తుమీట: ఒక ద్విపదకు టీకా తాత్పర్యం

పాతయౌ మరకును బ్యాటరీ బలము
చేత నొక్కిన లేచుఁ జెరువులో నుండి

మూలం లేనిదే టీక నిలవదు గనుక ఈ ద్విపదను టీకాకారుడే కట్టుకున్నాడు. యతిప్రాసలు కుదిరాయి, కవిత్వం కుదరలేదు. అందుకు విచారమూ లేదు. ఇక ప్రతిపదార్థం. పాతయౌ మరకును, అనగా బోటు వెనక పలకకు బిగించి తాడు లాగి స్టార్టు చేసే పాతకాలపు అవుట్‌బోర్డ్ మోటారుకు. బ్యాటరీ బలము, అనగా 12 వోల్టులతో తిరిగే పంపు, అది తోసే నూనె, ఆ నూనెకు సాగే సిలిండరు, ఈ మూడూ కలిసిన సామగ్రి. చేత నొక్కిన, అనగా మీట మీద బొటనవేలు ఆనించినంత మాత్రాన. లేచు, అనగా మర కాలూ పంకా పైకి వచ్చును. చెరువులో నుండి, అనగా శ్రీశైలం జలాశయంలో నుండి. జలాశయమంటే గణం చెడుతుందని కవి దాన్ని చెరువుకు దించాడు. లేవడం రెండు విధాలు. బోటు పరుగులో ఉండగా మొదటి ఇరవై డిగ్రీల మేర మర వాలును సవరించి ముక్కును ఎత్తడమో దించడమో చేసేది ట్రిమ్. ఆపైన మరను దాదాపు నీటి బయటికి లేపేది టిల్ట్. మెట్టసీమ బోటుకు ఈ ఎత్తుమీట సోకు కాదు, సముద్రంలో తిరిగే బోటు కంటే దీనికే అది ఎక్కువ అవసరం అని తాత్పర్యం.

వానచినుక్కి మొహం వాచిన కర్నూలు, కడపల్లో బోటేమిటి, దానికి అలంకారమేమిటి అని పూర్వపక్షం. చరిత్ర తెలిసినవారు ఈ మాట అనరు. 1863లో పనులు మొదలైన కర్నూలు కడప కాలువను పొలాల తడికే కాక పడవలు నడవడానికి కూడా తవ్వారు, లాకులు కట్టారు. ఆ లెక్క కాలువ తవ్వించిన ప్రైవేటు కంపెనీకి గిట్టక 1882లో దాన్ని సర్కారు కొనేసింది, అది వేరే కథ. చరిత్రను పక్కన పెట్టినా, కరువే ఇక్కడ అసలు హేతువు. సముద్రంలో పోటుపాట్లు గడియారం ప్రకారం వచ్చిపోతాయి. ఇక్కడ అలా కాదు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. కొన్ని ఎండాకాలాల్లో అది 810కి దిగువకూ పోయింది. అంటే శ్రావణంలో డెబ్భై అడుగుల లోతున్న చోట వైశాఖంలో మేకలు మేస్తాయి. మధ్యలో ఉన్న నెలల్లో ఏ రాయి ఎంత లోతున ఉందో నిన్నటి జ్ఞానం నేడు పనికిరాదు. పైగా అది ఉత్త మట్టి అడుగు కాదు. డ్యాం నిండినప్పుడు వందకు పైగా ఊళ్లు మునిగాయి. వాటి మొండిగోడలు, బావి గట్లు, చెట్ల మోళ్లు అడుగున అలాగే ఉన్నాయి. సంగమేశ్వరాలయమే ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో ఉండి ఎండలకు బయటపడుతుంది. కడప వైపు గండికోట జలాశయం కింద 2020లో మునిగిన తాళ్ళప్రొద్దుటూరు ఉంది. ఇలాంటి నీళ్లలో పంకాను అంగుళాల లెక్కన ఎత్తుకోగలగడమే నావికత్వం.

చేతులు లేవా, ఎత్తుకోరాదా అని రెండో పూర్వపక్షం. ఉన్నాయి. నలభై గుర్రాల మర డెబ్భై కిలోలకు పైన తూగుతుంది; ఎత్తే కండలు మన సరంగులకు కొరవ కాదు. చిక్కు బరువులో లేదు, ఎత్తే తీరులో ఉంది. మామూలు మరకు వాలు మార్చాలంటే ఇంజిను ఆపి, వెనక్కి వంగి, చీల పీకి, వేరే కన్నంలో దూర్చాలి. లోతు తగ్గిందని గదా ఈ పని. సరిగ్గా అప్పుడే మనిషి బరువు వెనక్కి చేరి, పైకి రావలసిన పంకాను ఇంకాస్త కిందికి నొక్కుతుంది. చుక్కాని వదిలిన బోటు గాలికి ఎటు పోతుందో అటే పోతుంది. ఎత్తుమీట ఉంటే మనిషి కూర్చున్న చోటే కూర్చుంటాడు, బోటు మెల్లగా నడుస్తూనే ఉంటుంది. ఎక్కిన జనం ముందు సర్దుకున్నారా, వెనక సర్దుకున్నారా అన్నదాన్ని బట్టి వాలును దారిలోనే దిద్దుకోవచ్చు. చీలకు ఆ వెసులుబాటు లేదు.

పాతదనాన్ని పాడుచేయడం అపచారం కదా అనేవారిది మూడో పక్షం. ఇది గౌరవించదగిన మాటే, అయితే చేసే పద్ధతి తెలియక పుట్టినది. మర తొడుగును కోసి, బిగింపు చెవులను తొలిచి సిలిండరు ఇరికిస్తే అపచారమే. పలకకూ మరకూ నడుమ విడిగా బిగించే ఎత్తుబ్రాకెట్టు అలాంటిది కాదు. మర ఒక్క బోల్టు మారకుండా దాని మీద కూర్చుంటుంది, రేపు వద్దనుకుంటే ఊడదీస్తే ఎప్పటి మర అప్పుడే. సి.పి. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులను జీతాలకు కుదుర్చుకుని తెలుగు కావ్యాల ప్రతులు సరిచూపించాడు, వాటికి టీకలు రాయించాడు. పద్యం పద్యంగానే ఉంది, టీక దాని కింద ఉంది. మరకు బ్రాకెట్టు కూడా అట్టి టీకయే.

సమాధానం చెప్పడానికి నిజంగా కష్టమైన ఆక్షేపం నాలుగోది, అది బరువు గురించి. బ్రాకెట్టు మరను ఐదారంగుళాలు వెనక్కి నెడుతుంది. బ్రాకెట్టు బరువు, బ్యాటరీ బరువు, వెనక్కి జరిగిన మర గుంజుడు, మూడూ కలిసి పలక మీద పడతాయి. వెనక భాగం నీళ్లలోకి కుంగుతుంది. పాత బోట్ల పలక తరచు లోపల పుచ్చిన ప్లైవుడ్డు. సుత్తితో తట్టితే మొద్దుగా మోగే పలకకు ఈ ద్విపద వర్తించదు, ముందు పలక మార్చాలి. బ్యాటరీని ముక్కు వైపు పెట్టి లావు తీగ లాగితే కొంత తూకం కుదురుతుంది. తాడు మరల్లో చాలావాటికి బ్యాటరీని నింపే ఏర్పాటు ఉండదు గనుక గట్టున చార్జింగు తప్పదు. ఇంకొకటి: చీలతో నిలిచే మర ముందుకు పోతుండగా రాయి తగిలితే తనంతట తానే ఎగిరి తప్పుకుంటుంది. సిలిండరు పట్టుకున్న మర అలా తప్పుకోవాలంటే, దెబ్బకు నూనెను వదిలే కవాటం సిలిండరులో ఉండాలి. అది లేని ఏ స్క్రూజాక్కునో తెచ్చి వెల్డింగు చేసి ఎత్తుమీట అంటే, మునిగిన గోడ తగిలిన రోజు పోయేది పంకా కాదు, పలక. అలాంటి అగ్గువ బేరం కంటే చీలే మేలని టీకాకారుడు ఒప్పుకుంటున్నాడు. మూలకారుడు కూడా ఒప్పుకునేవాడే.

లేచు అన్నాడు గాని ఎంత లేవాలో చెప్పలేదు. ఇంజిను తిరుగుతుండగా మర కాలి మీది నీటి రంధ్రాలు మునిగే ఉండాలి. అవి బయటపడితే చల్లబరిచే నీళ్లు అందవు, లోపలి రబ్బరు చక్రం కాసేపటికే కాలిపోతుంది. మరీ కిందికి దిగి బురద మింగినా అరిగిపోయేది ఆ చక్రమే. ‘చేత నొక్కిన లేవదు’ అని ఒక పాఠాంతరం కూడా సాధ్యం. గణం చెడుతుంది గాని అర్థం సాధువు: బ్యాటరీ దిగితే, రిలే పట్టేస్తే నిజంగానే లేవదు. అప్పుడు పంపు పక్కనుండే విడుపు స్క్రూను వదులు చేసి, మరను పాతపద్ధతిలో చేత్తోనే ఎత్తాలి. ఆ స్క్రూకు సరిపడే పనిముట్టు గట్టున కాక బోటులో ఉండాలన్న సంగతి మూలంలో లేదు, టీకలో చేర్చడమైనది.