క్రోసూరు క్వాంటమ్ కేంద్రము

“సిస్టం బాగానే పనిచేస్తందండీ, డిస్‌ప్లే ఒక్కటే రావట్లేదు.” అడంగల్ నకలు కొఱకు వచ్చిన ఒక రైతునకు ఈ వారము క్రోసూరులోని యొక సర్కారు కార్యాలయమున కిటికీ లోపలినుండి లభించిన ప్రత్యుత్తర మిది. ఆ యంత్రము పరికరముల పట్టికయందు సైతము ‘పనిచేయుచున్నవి’ అను గడిలోనే నమోదై యున్నదట. రైతు నొసలు చిట్లించెను. నిత్యము పత్రికలలో అమరావతి క్వాంటమ్ వ్యాలీ వార్తలు చదువుచున్న నాకు మాత్రము ఒడలు పులకరించినది.

ఐబీఎం వారి యంత్రము, 156 క్యూబిట్లు, టీసీఎస్ వారి తోడ్పాటు అని 2025 మే మాసమునుండి మన చెవులు చిల్లులు పడునట్లు వినుచున్నాము. ఇంత ప్రయాస యేల? రాజధానికి పొరుగుననే, క్రోసూరులో, ఒక బల్లపై, దుమ్ముగుడ్డ కప్పుకొని, క్వాంటమ్ కంప్యూటరు ఏనాటినుండియో అవతరించియే యున్నది. గుర్తించువారే కరవైరి.

1935లో ష్రోడింగర్ మహాశయుడు ఒక పిల్లిని పెట్టెలో నుంచి, మూత తెఱచి చూచువఱకు అది బ్రదికియు చచ్చియు నుండునని ఊహించి లోకమును విస్మయపఱచెను గదా! మన కార్యాలయపు యంత్రము ఆ పిల్లికంటె నొక మెట్టు పైన నున్నది. పచ్చదీపము వెలుగుచున్నది, లోపలి ఫ్యాను గిఱ్ఱున దిరుగుచున్నది, తెర మాత్రము అమావాస్యనాటి ఆకాశము. కావున అందులోని ప్రతి దరఖాస్తును ఏకకాలమున మంజూరైనదియు, తిరస్కరింపబడినదియు, అసలు అందనే అందనిదియు అగుచున్నది. అర్జీదారుడు సంతోషించుటకును ఆధారము లేదు, అప్పీలు చేసికొనుటకును ఆధారము లేదు. తెర వెలిగిననాడు ఈ మహత్తర స్థితి భగ్నమై, ఫైలు ఏదో యొక గతిని పొందవలసి వచ్చును. ఏ వివేకవంతమైన కార్యాలయ మందుల కంగీకరించును?

ఇంతటితో ముగియలేదు. ఒకచోట కణమును తాకిన వేఱొకచోటి దాని జంటకణపు స్థితియు తేలిపోవు నను చిక్కుముడి సిద్ధాంతమును ప్రయోగములతో నిరూపించినందులకు 2022 అక్టోబరులో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమాన మిచ్చిరి. సరిగా ఆ యేడే, ఏప్రిల్ 4వ తేదీన, పల్నాడు జిల్లా గుంటూరునుండి విడివడినది. ఆనాటినుండి మా ప్రాంతపు పాత ఫైళ్లు కొన్ని గుంటూరులో నడిగిన నరసరావుపేటలో నున్నవనియు, నరసరావుపేటలో నడిగిన గుంటూరులో నున్నవనియు తెలియవచ్చుచుండుట పాఠకుల యనుభవములోనిదే. బహుమాన మిచ్చువారు ఒక్కతూరి పల్నాడు బస్సెక్కి యుండినచో ఆ ధనము నాలుగు భాగము లయ్యెడిది.

వ్యయదృష్టితో జూచినను మనదే మేలు. ఐబీఎం వారి యంత్రమునకు నిరపేక్ష శూన్యమునకు అతి సమీపమైన శైత్యము, అనగా మైనస్ 273 డిగ్రీలకు దరిదాపుల చలి, అవసరము. క్రోసూరు యంత్రము రెంటచింతల యెండను సైతము లెక్కసేయక అదే ఫలితమును, అనగా ఏ ఫలితమును లేకపోవుటను, స్థిరముగ నిచ్చుచున్నది.

అయితే ఈ విజ్ఞానమునకు శత్రువులు లేకపోలేదు. మెయిన్‌రోడ్డుమీద కంప్యూటరు మరమ్మతు దుకాణపు కుఱ్ఱవా డొకడు, “ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దితే వస్తదండీ” అని బాహాటముగ ననుచున్నాడు. ఎంతటి అపచారము! వాని మతము ప్రకారము, మొదట మానిటరునకు వేఱుగ నున్న పవర్ తీగను చూడవలెనట. మానిటరు ‘నో సిగ్నల్’ అని చూపినచో అది ప్రాణముతోనే యున్నట్లు, తప్పు కేబులుదో సీపీయూదో ఐనట్లు. వేఱుగ గ్రాఫిక్స్ కార్డున్నచో వీజీఏ కేబులు దానికే తగిలింపవలెను గాని మదర్‌బోర్డుకు గాదట. పిమ్మట కరెంటు తీసివేసి, మూత విప్పి, ర్యామ్ పలకను వెలికిదీసి, దాని యంచున బంగారువన్నె పట్టీలపై పేరుకొన్న మష్టును పిల్లలు పెన్సిలు గీతలు చెఱుపు రబ్బరుతో రుద్ది, టక్కుమను వఱకు స్థానమున నొక్కవలెనట. బయాస్ సెట్టింగులపై అనుమానమున్నచో గుండ్రని సీఆర్ 2032 బ్యాటరీని కొంతసేపు తీసి మరల పెట్టవలెనట. ఇంకొక విచిత్రము: అవార్డ్ బయాస్ గల పాత యంత్రములు తెరకు సంబంధించిన దోషమును ఒక దీర్ఘధ్వని, రెండు హ్రస్వధ్వనులతో చెప్పుకొనునట. అనగా ఒక గురువు, రెండు లఘువులు, సాక్షాత్తు భగణము! యంత్రము ఛందోబద్ధముగ మొఱపెట్టుకొనుచున్నను వినిపించుకొనకుండుటకు మనకు పెట్టె మూతపై సీలు కలదు. ఏఎంసీ, అనగా వార్షిక నిర్వహణ యొప్పందము, గడువు తీఱినది, కొత్త ఏఎంసీ రాలేదు, సీలు విప్పు నధికార మెవ్వరికిని లేదు. క్వాంటమ్ స్థితికి ఇంతకంటె కట్టుదిట్టమైన రక్షణ ఐబీఎం వారికైనను గలదా?

వేళాకోళ మింతటితో చాలును. నాకు నిజముగ కోపము వచ్చుచున్నది. 2008లో ఉమ్మడి రాష్ట్రమున 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటరు విద్య యనిరి. ప్రైవేటు సంస్థలతో అయిదేండ్ల యొప్పందము చేసికొనిరి. 2013లో గడువు తీఱగనే బోధకుల నింటికి పంపిరి. చాల బడులలో ఆ యంత్రములు తాళము వేసిన గదులలోనే ముసలివయ్యెను. ర్యామ్ అనగా నేమో చేతితో ముట్టి నేర్చుకొనవలసిన పిల్లలు దానిని పుస్తకములో బొమ్మగా చూచి పరీక్ష వ్రాసిరి. తరువాత మఱొక ప్రభుత్వము వచ్చినది. ట్యాబులు వచ్చినవి, తరగతిగదులకు పెద్దతెరలు వచ్చినవి. 2023 జూన్ 12న ఆ యేటి విద్యాకానుక కిట్ల పంపిణీని ఆనాటి ముఖ్యమంత్రి ఈ క్రోసూరులోనే ప్రారంభించిరి. ఇప్పుడు క్వాంటమ్ వచ్చుచున్నది. రానిండు, నాకు విరోధము లేదు. కాని ప్రతి ప్రభుత్వమును క్రొత్త పెట్టె తెచ్చును, పాత పెట్టె మూత విప్పు మనిషి నొక్కని నియమింపదు. పెట్టె కొన్ననాడు ఫొటో పడును, రబ్బరు కొన్ననాడు పడదు. ఆ రైతు ఒకపూట కూలి వదలుకొని, బస్సుచార్జీ పెట్టుకొని వచ్చి, “డిస్‌ప్లే రాలేదు, రేపు రా” అనిపించుకొని పోయినాడు. ఆ పూటకు పరిహార మిచ్చు పద్దు ఏ బడ్జెట్టులోను లేదు. కిటికీ వెనుక నున్న ఉద్యోగిని తిట్టి లాభము లేదు. సీలు విప్పినచో సంజాయిషీ అడుగుదురు, విప్పకున్నచో ఎవ్వరు నేమియు అనరు. అట్టి నియమము నేర్పఱచినవారే దోషులు.

జిల్లా యధికారులకు నా విన్నప మొక్కటే. మండలమునకు ఒక మరమ్మతుగానిని, ఒక స్క్రూడ్రైవరును, మూత విప్పుటకు వ్రాతపూర్వకమైన యనుమతిని ఇప్పింపుడు. రబ్బరు మేమే కొని పంపెదము.