తడిసి మోపెడైన బూట్లు

హిమాలయాల్లో ఏ గుడారాల మజిలీకి వెళ్లినా మూడు ఖాయం: చలి, పప్పన్నం, బూట్లు ఆరబెట్టే శాస్త్రంలో పండితుడు ఒకడు. జులైలో హంప్టా పాస్ దారిలోనైతే గుడారానికొక పండితుడు. కులు వైపు వాన వదలదు. బాలూ కా ఘేరా మజిలీ చేరేలోపు వాగులు దాటాలి. సాయంత్రానికి అందరి బూట్లూ అడుగుకో చప్పుడు చేస్తూ నీళ్లు కక్కుతుంటాయి. సరిగ్గా అప్పుడే, హైదరాబాద్‌లో సెలవు పెట్టి వచ్చిన మనవాళ్ల గుంపులోంచి ఆయన గొంతు సవరించుకుంటాడు. "టెన్షన్ పడకు బ్రో. రాత్రికి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకో. పొద్దున్నకి అప్పడాల్లా ఉంటాయి."

లెక్క చూద్దాం. జతకి పావు లీటరు నీళ్లు పట్టాయనుకోండి. అవి ఆవిరి కావడానికి దాదాపు 145 కిలోకాలరీల వేడి కావాలి. నిద్రపోతున్న మనిషి ఒళ్లు గంటకు వదిలే వేడి సుమారు 70. అంటే ఆ చలిలో మీరు రెండు గంటలపాటు మీకోసం కాకుండా బూట్ల కోసం కాగాలి. అదీ, ఒంటి వేడి ఒక్క పిసరు కూడా వృథా కాకుండా బూట్లకే చేరితే. అవేమో పాదాల దగ్గర బురదతో, వాసనతో, ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా పడి ఉంటాయి.

సరే, కాగారు. ఆవిరైన నీళ్లు ఎక్కడికి పోతాయి? మనాలీ బస్సెక్కవు కదా. మీ స్లీపింగ్ బ్యాగులోని బాతు ఈకల్లోకి పోతాయి. ఆ ఈకలు పొంగి గాలిని పట్టి ఉంచినంతసేపే వెచ్చదనం, తడిశాయంటే ముద్దకడతాయి. తెల్లారేసరికి బూట్లలో తడి కాస్త తగ్గుతుంది, పడకలో అంతకంత పెరుగుతుంది. తడి ఎక్కడికీ పోలేదు, బదిలీ మీద వచ్చి మీ పక్కలో చేరింది. నీళ్లు గడ్డకట్టే చలిలో బూట్లు పొద్దున్నకి రాళ్లయిపోకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి కాళ్ల దగ్గర పెట్టుకోవడం వేరు, అది తెలివైన పనే. కానీ దానివల్ల బూట్లు గడ్డకట్టకుండా ఉంటాయంతే, ఆరవు.

పోనీ గుడారంలో ఓ మూల పెడితే? ఇద్దరు పట్టే గుడారంలో గాలి మహా అయితే రెండు మూడు ఘనమీటర్లు. 5 డిగ్రీల చలిలో ఘనమీటరు గాలి మోయగలిగే తేమ 7 గ్రాములకు మించదు. ఆ కాస్త చోటూ మీ ఇద్దరి ఊపిరితోనే నిండిపోతుంది. ఇక బూట్లకు మిగిలేదేముంది?

అగ్నిని నమ్ముకున్న శాఖ ఒకటి వేరే ఉంది. నెగడు పక్కన పెట్టమంటారు. బాలూ కా ఘేరా 3,600 మీటర్లకు పైన ఉంది, కట్టెకు పనికొచ్చే చెట్టు కనబడదు. నెగడు దేంతో వేస్తారో ఆ శాఖ ఇంతవరకూ సెలవివ్వలేదు. దిగువన అడవిలో వేశారే అనుకుందాం. తడిసిన తోలు వేడికి ముడుచుకుని బిరుసెక్కుతుంది. అడుగుభాగాన్ని పట్టి ఉంచిన జిగురు మెత్తబడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పొద్దున్నకి తడి పోయిందో లేదో గానీ అట్ట ఊడి చేతికొస్తుంది. వీళ్లలోనే కొందరు వాగులోంచి రాళ్లు ఏరుకొచ్చి, నిప్పుల్లో కాల్చి బూట్లలో వేసుకోమంటారు. లోపల నీరు పట్టిన రాయి నిప్పుల్లో పేలుతుందని చెబితే, "మా ఫ్రెండ్ చేశాడు" అంటారు. ఆ ఫ్రెండ్ ఎప్పుడూ ట్రెక్‌కి రాడు.

"నావి వాటర్‌ప్రూఫ్" అని గర్వంగా కాలు చాపేవాళ్ల గురించి రెండు ముక్కలు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ వేడి చేసిన టెఫ్లాన్ కడ్డీని సర్రున సాగదీసి కనిపెట్టిన సంగతి నిజంగా అద్భుతమే. ఈ బూట్లలో ఉండే, అందులోంచి పుట్టిన పొర ఆవిరిని పోనిస్తుంది, నీటిని ఆపుతుంది. అయితే వాగు వచ్చేది ఆ పొరను చీల్చుకుని కాదు, చీలమండ పైనుంచి. వచ్చిన నీళ్లకు ఆ పొరే కోటగోడ. మామూలు గుడ్డ బూట్లు వీటికంటే ముందే ఆరతాయి.

న్యూస్ పేపర్ కుక్కడం మాత్రం పనిచేస్తుంది. కాకపోతే గంటకోసారి లేచి తడి కాగితం తీసి పొడిది పెట్టాలి. ఆదివారం అనుబంధంతో సహా వారం పేపర్లు వీపున మోసుకొచ్చే భక్తుడు దొరికితే నాకూ చూపించండి.

గుర్రాలవాళ్లు రబ్బరు బూట్లతో వాగు దాటి, ఒడ్డున వాటిని బోర్లించి, నీళ్లు దులిపి, తొడుక్కుని నడిచిపోతారు. దానిమీద వాళ్లు ఉపన్యాసం ఇవ్వగా ఎవరూ వినలేదు. మనమైనా చేయగలిగింది అంతే: లోపలి అట్టలు తీసి పిండడం, లేసులు వదులు చేయడం, రాత్రికి మాత్రమే తొడుక్కునే పొడి సాక్సులు ఒక జత ప్రాణంలా దాచుకోవడం. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల తడికి వేలమంది సైనికుల పాదాలు కుళ్లాక బ్రిటిష్ సైన్యం పట్టుబట్టినవాటిలో పొడి సాక్సులు ఒకటి. పొద్దున్న ఆ తడి బూట్లలోనే ఒళ్లు జలదరించేలా కాలు దూర్చి నడవాలి. నడిచే పాదం వేడిని మించిన హీటరు ఆ కొండల్లో లేదు.

ఇంత చెప్పినా పండితుడు లొంగడు. పాస్ దాటి సియాగోరు మజిలీలో దిగాక కూడా రాత్రంతా బూట్లకు కాపలా కాస్తాడు. తెల్లవారగానే అందరూ చేసే మొదటి పని అక్కడి గడ్డకట్టే వాగులో దిగడం. ఆ తర్వాత లాహౌల్ వైపు వాన తగ్గి, గాలి పొడిబారుతుంది. ఛత్రూ దగ్గర మధ్యాహ్నపు ఎండలో బండమీద పడేసిన బూట్లు ఎవరి సాయమూ లేకుండా ఆరిపోతాయి. ఆయన వాటిలో చెయ్యి పెట్టి చూస్తాడు, మన వైపు తిరుగుతాడు.

"చెప్పానా బ్రో! స్లీపింగ్ బ్యాగు మహిమ. కాస్త లేటుగా పనిచేస్తుందంతే."