తల్లీ, నీ రెండు అవతారాలు

తల్లీ మదర్‌బోర్డూ! ధర్మపురి శేషప్ప కవి నరసింహస్వామితో పద్యాల్లో జగడమాడుతూనే ఆయన్ను పొగిడిన గడ్డ మాది. నిన్ను పొగడడానికి మాకేం మొహమాటం?

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక షాపులో నీ రెండు రూపాలూ పక్కపక్కనే దర్శనమిచ్చాయి. 2021 చివర్లో పుట్టిన జెడ్690 పెద్దమ్మ. ఇరవై వేలు దాటితే గాని పలకదు. 2022 మొదట్లో పుట్టిన హెచ్610 చిన్నమ్మ. ఆరేడు వేలకే ఇంటికొస్తుంది. (పెద్దమ్మ అంటే జ్యేష్ఠాదేవి అని కూడా అర్థముంది. నేను ఆ అర్థంలో అనలేదు, నా పర్సు అంటోంది.) ఇద్దరికీ ఒకటే ఎల్‌జీఏ 1700 సాకెట్. ఒకే ఐ3 ప్రాసెసర్ ఇద్దరి ఒళ్ళోనూ ఇమిడిపోతుంది.

చిన్నమ్మ వైరాగ్యం ముందు చెప్పాలి. 12 వోల్టుల కరెంటును ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు చిల్లరగా మార్చి పోసే భాగం వీఆర్ఎం. కుంపటి పక్కన కూర్చుని చేసే ఉద్యోగం అది. చాలా హెచ్610 బోర్డుల్లో దాని మీద అల్యూమినియం ముక్కయినా కప్పరు. రామగుండం మే నెల ఎండలో చొక్కా లేకుండా నిలబడే నిగ్రహం ఇంకెవరికుంది! ఆశపడి ఐ9 తెచ్చి కూర్చోబెడితే వేడెక్కుతుంది, ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది. మనం కొన్న వేగం మనకే దక్కకుండా చేసి దురాశ మాన్పించే తల్లి మరెక్కడుంది? వెనక పోర్టుల దగ్గర బిగించే పల్చటి రేకు మరీ భక్తసులభం. వేలు కోసి నెత్తుటి బొట్టు తీసుకుంటే గాని కదలదు.

పెద్దమ్మ రాజసం వేరు. వీఆర్ఎం మీద దిట్టమైన హీట్‌సింక్, చుట్టూ రంగుల దీపాలు. వాటిని చూశాకే రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు ఎవరి కోసం తీస్తోందో అర్థమైంది. మా ఫిలిగ్రీ పనివాళ్ళు అసలైన వెండిని తీగ లాగి, కళ్ళు పోయేలా అల్లుతారు. కొన్ని బోర్డుల్లో నువ్వు ప్లాస్టిక్ తొడుగుకు లోహపు రంగు పూసుకుని అంతకన్నా ఎక్కువ దక్షిణ రాబడతావు. ఆ తెలివి మావాళ్ళకేదీ!

ప్రాసెసర్‌ను దాని హద్దు దాటి పరిగెత్తించే ఓవర్‌క్లాకింగ్ వరం కూడా ఇచ్చావు. అయితే ఈ సాకెట్ ఐ3ల వేగానికి పుట్టుకతోనే తాళం వేసి ఉంటుంది. చెరువు లేని ఊరికి తూము కట్టించినంత పుణ్యం. నెట్‌వర్క్ పోర్టు 2.5 గిగాబిట్లు, మా ఇంటికొచ్చే లైను 100 మెగాబిట్లు. బోరుబావి నీళ్ళకు మానేరు డ్యామ్ గేటు బిగించావు తల్లీ!

"బోర్డు మంచిదేనా?" అని షాపతన్ని అడిగాను.

"లైట్లు మస్తుంటయి సార్."

"గట్టిగుంటదా?"

"లైట్లయితే మస్తుంటయి."

మధ్యలో బీ660 అని ఒక ఆడపడుచు ఉంది. ఆమె బోర్డుల్లో చాలావాటికి వీఆర్ఎం మీద హీట్‌సింకూ ఉంటుంది, మెమరీకి నాలుగు స్లాట్లూ ఉంటాయి. ధర పదివేల పైచిలుకు. ఎండల ఊళ్ళకు సరిగ్గా సరిపోయే మనిషి. అందుకే కాబోలు, ఆమెను అద్దాల అరలో పెట్టలేదు. అడిగితే లోపలి గదిలోంచి దుమ్ము దులిపి తెచ్చారు.

చివరికి వారంటీ అడిగాను. చిన్నమ్మకు 3 ఏళ్ళు. పెద్దమ్మకూ 3 ఏళ్ళే.