చికాగో స్టేటస్‌కు టీకా తాత్పర్యం

మూలం: “చికాగో ఫాల్! గోల్డెన్ లీవ్స్. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక సండే. ఫైనల్లీ, ఫీలింగ్ అలైవ్.”

అవతారిక: తిరుపతి వాస్తవ్యుడు, బీటెక్ పట్టభద్రుడు, బ్యాంకు రుణగ్రస్తుడు, ఈ వ్యాఖ్యాతకు స్వయానా మేనల్లుడు అయిన కవి, చికాగోలో ఎమ్మెస్ చదువుతూ, ఇరవైనాలుగు గంటల్లో నశించు ఈ కావ్యాన్ని వాట్సాప్‌లో వెలయించెను. కోలాచల మల్లినాథసూరికి కాళిదాసు దొరికెను. ఎవరి ప్రాప్తం వారిది.

దీనికి ప్రాచీన వ్యాఖ్య ఒకటి కలదు. అది కవిగారి అవ్వది: “అన్ని ఆకులు రాలి పడుండాయే, ఊడ్చేవాళ్ళెవురూ లేరా ఆ ఊర్లో?” అంతకు మించి చెప్పుటకు ఏమీ లేకున్నను, వ్యాఖ్యాతలు ఊరకుండరు గదా.

ప్రతిపదార్థం:

చికాగో = స్పష్టం. ఫాల్ = స్పష్టం.

గోల్డెన్ లీవ్స్ = పొద్దు కురచై చలి ముదరగా ఆకులోని పచ్చదనం విరిగిపోవును; అడుగున ముందునుంచీ ఉన్న పసుపు అప్పుడు బయటపడును. మేపుల్ ఎరుపు మాత్రం ఆ చివరి దినాల్లోనే కొత్తగా పుట్టును. కవి ఎంపీసీ గనుక ఇది ఎరుగడు. మన శరత్తు వేరు. కావ్యాల్లో తెల్లమబ్బులు, పిండారబోసిన వెన్నెల. తిరుపతిలో ఈశాన్య ఋతుపవనం. వాయుగుండం పడిన మర్నాడు కపిలతీర్థం జలపాతం కొండ మీదినుంచి విరుచుకుపడును. ఆ దృశ్యంపై కవి ఏ స్టేటస్సూ రచించినట్టు ఆధారాలు లేవు.

ఆర్ట్ = ఇచ్చట కొంత విస్తరింపవలెను. తిరుపతికి బస్సులో గంట దూరాన శ్రీకాళహస్తి కలదు. అచ్చట కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డను నానబెట్టి ఎండబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరవేస్తారు. వెదురుపుల్ల కలాన్ని ఆ నీళ్ళలో ముంచి గీస్తే, గీత గుడ్డలోని కరక్కాయను తాకి చూస్తుండగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు అద్ది, రంగువేళ్ళతో కలిపి ఉడకబెడతారు. పటిక లేని చోట ఎరుపు నిలవదు. మధ్యమధ్య పారే నీట జాడించాలి. స్వర్ణముఖి ఒడ్డున ఈ విద్య నిలిచింది అందుకే. ఇప్పుడు ఏడాదిలో చాలా నెలలు ఆ ఏట్లో జాడించేందుకు నీళ్ళే ఉండవు. ఈ కలంకారీ విద్యకే జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మన పెళ్ళిళ్ళలో మాత్రం మిషను ప్రింటు చీర కట్టి “కలంకారీ” అని చెప్పుకొనే వారే అంతటా. అడిగితే “డిజైన్ అదే కదండీ” అంటారు. డిజైన్ అదేనట!

ప్రకృతమనుసరామః. ఏది ప్రకృతం? ఆఁ, మేనల్లుడు.

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ = 1893 సెప్టెంబరులో వివేకానందుడు సర్వమత మహాసభలో ప్రసంగించిన కట్టడం. ఈ అర్థం కవికి వివక్షితం కాదు.

ఒక సండే = ఇది శ్లేష. కవి అచ్చటికి వెళ్ళినది ఆదివారం. సెల్ఫీలో కవి తల వెనుక అడ్డుపడిన చిత్రమూ ఆదివారమే. జార్జ్ సూరా అను ఫ్రెంచి చిత్రకారుడు సెన్ నదిలోని గ్రాండ్ జాట్ దీవిపై జనం తీరికగా గడిపిన ఆదివారాన్ని, రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు గుడ్డపై చుక్కలు చుక్కలుగా పెట్టెను. దూరాన నిలిచితే రంగులను కన్నే కలుపుకొనును. గొడుగులు, కుక్కలు, ఒక కోతి. 1884లో మొదలిడి 1886 దాకా పట్టెను. అనగా ఒక్క ఆదివారం చూపుటకు రెండేళ్ళు.

మావాడి ఇంటర్ కూడా రెండేళ్ళే. అందులో ఒక్క ఆదివారం లేదు. ఆదివారమంటే వీకెండ్ టెస్టు, సాయంత్రం ర్యాంకుల జాబితా. ఔటింగ్ నెలకొకసారి, అదీ మార్కులొస్తేనే. వాళ్ళమ్మ సంగటి, ఊరిబిండి డబ్బాలో పెట్టుకొని గేటు దగ్గర నిలబడేది. వాచ్‌మన్ డబ్బా తీసుకునేవాడు, పిల్లవాణ్ణి పంపేవాడు కాదు. ఆ కాలేజీ ఆవరణలో ఒక్క చెట్టు లేదు, ఆకు రాలడానికైనా.

నాయకుడు: ధీరలలితుడు. నిశ్చింతుడై కళాసక్తుడగుట ఆ నాయకుని లక్షణం. రుణగ్రస్తునికి నిశ్చింత ఎట్లు కుదురును? అను శంక వలదు. వడ్డీ తండ్రి కట్టుచున్నాడు.

ఫీలింగ్ అలైవ్ = బతికియున్నట్టు తోచుచున్నది. పూర్వపక్షం: ఇంతకుముందు బతికి లేడా? సిద్ధాంతం: లేడు. “ఫైనల్లీ” అను పదమే ప్రమాణం. కావున అతిశయోక్తి అనుకొన్నది స్వభావోక్తియే అయినది.

తాత్పర్యం: ఒక ఆదివారం చెట్టు కింద నిలబడి, ఒక బొమ్మ ముందు కాసేపు ఆగడానికి మా ఇంటి పిల్లవాడికి వీసా, విమానం టికెట్టు, ఇంటి కాగితాల తాకట్టు అవసరమయ్యాయి. చంద్రగిరి కోట మ్యూజియం ఆదివారం తెరిచే ఉండును.

కవి చెల్లెలు ఈ జూన్‌లో ఇంటర్ చేరినది. కాలేజీ అదే. ఫీజు మాత్రం పెరిగినది.