నా నేలచూపులు: ఒక పాత ఫోను ఆత్మకథ

ముందుటద్దము బీటలువారి, బాటరీ నీరసించి, సిమ్ము సైతము పెరికివేయబడి, విజయవాడలో ఒక లెక్కల మాస్టారి బీరువా సొరుగునందు ఏ తాళమునకును చెందని తాళపుచెవుల సరసన నేను కాలము గడుపుచుండగా, 2020 మార్చి మాసమున పాఠశాలలు మూతవడి, దేశమంతట లాక్‌డౌన్ విధింపబడి, మాస్టారి పాఠము నల్లబల్లను విడిచి ల్యాప్‌టాపు నాశ్రయింపవలసివచ్చెను.

ల్యాప్‌టాపునకు నేత్రము లేకపోలేదు. కాని దాని మూత పలుచగా నుండవలెను గనుక, ఆ స్వల్పమైన మందములో ఇమిడిన కటకమును, వెలుతురును గ్రహించు సెన్సారును మిక్కిలి చిన్నవై, సాయంవేళ మాస్టారి ముఖమును మసకబార్చి చూపెడివి. అయినను లెక్కల మాస్టారి ముఖముతో విద్యార్థి కేమి పని? చూడవలసినది ఆయన చేతిక్రింది కాగితము. అది మాత్రము ఆ నేత్రమునకు అందదు. వెబ్‌క్యామ్ కొందమన్నను అంగళ్లు తెరచిలేవు.

“నాన్నా, పగిలింది ముందు అద్దమే కదా! వెనక కెమెరాకి ఏమీ కాలేదుగా,” అనుచు వారి అమ్మాయి నన్ను వెలికి తీసినది.

ఆమె డ్రాయిడ్‌క్యామ్ అను ఆప్‌ను నాలోను, దాని జోడు ప్రోగ్రామును ల్యాప్‌టాపులోను స్థాపించెను. నేను చూచిన దృశ్యమును ఎప్పటికప్పుడు కుదించి పంపగా, ఆవలి ప్రోగ్రాము దానిని విప్పి, తనకు నిజముగనే ఒక కెమెరా తగిలించియున్నదని కంప్యూటరును నమ్మించును. జూమ్‌లో ఆ కల్పిత కెమెరాను ఎంచుకొనుటయే తరువాయి. మొదట ఇంటి వైఫై మీదనే ఆధారపడితిమి గాని, పక్కగదిలో ఎవరైన సినిమా పెట్టినప్పుడెల్ల మాస్టారి కలము ఆగి ఆగి కదలెడిది. అంతట యూఎస్‌బీ కేబులు తగిలించిరి. అందులకు నా సెట్టింగులలో బిల్డ్ నంబరును 7 సార్లు తట్టినగాని డెవలపర్ ఆప్షన్స్ ప్రత్యక్షము కావు. ఈ నియమము నేర్పరచిన మహనీయు డెవ్వరో గాని మంత్రశాస్త్రము చదివినవాడై యుండవలెను.

పిమ్మట రెండు స్టీలు డబ్బాలపై చెక్క స్కేళ్లను వారధిగా పరచి, వానిమీద నన్ను వెనుక కన్ను క్రిందికుండునట్లు పరుండబెట్టిరి. ఆ నేలచూపులలోనే నా జీవితమునకు సార్థకత కలిగినది. సమీకరణము ఎట్లు పుట్టి, ఎచ్చట కొట్టివేయబడి, ఎచ్చట దిద్దబడి, తుదకు ఎట్లు తేలునో ఆసాంతము నేను చూపితిని. మాస్టారి చేయి అడ్డువచ్చినప్పుడెల్ల నా చూపు కాగితమును విడిచి వ్రేళ్లవెంట పోయెడిది. ఫోకస్‌ను లాక్ చేసినగాని నా చాపల్యము కుదుటబడలేదు. ముఖము చూపవలసిన రోజున నిలువబెట్టిరి. అప్పుడు తన చొక్కాపై అక్షరములు తనకే తలక్రిందులుగా గాక కుడియెడమలుగా గనబడుటచే ఆయన గాభరాపడగా, “మాకు సరిగ్గానే కనిపిస్తోంది సార్,” అని ఒక పిల్లవాడు ధైర్యము చెప్పెను. తిరుగవేసిన ప్రతిబింబము ఎవరిది వారికే గదా!

మా వెబ్‌క్యాముల వంశమునకు మూలపురుషుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో 1991లో కాఫీకూజాకు కాపుగా నిలిచిన కెమెరా. కాఫీ మిగిలినదో లేదో కుర్చీ కదలక తెలిసికొనుటకై పండితులు చేసికొన్న ఏర్పాటది. బద్ధకమును నిందించువారు ఈ సంగతి స్మరింపవలెను. నా తరువాతివారికి నా పాట్లు లేవు: 2022లో ఐఫోను మ్యాక్‌కు నేరుగా కన్నైనది, 2023లో వెలువడిన ఆండ్రాయిడ్ 14తో, ఆ వసతి గల ఫోనులు కేబులు తగిలించి వెబ్‌క్యామ్ అని ఎంచుకొన్నంతనే వెబ్‌క్యాములగుచున్నవి.

మీ సొరుగులలోని నా తోడివారిని పారవేయుటకు మునుపు వారి వెనుక కన్నును ఒక్కమారు పరీక్షింపుడు. పనిలో పెట్టినచో తెర వెలుగు తగ్గింపుడు, గాలి తగులనిండు. వీపు ఉబ్బినట్లు కనబడినచో మాత్రము మొగమాటపడక తక్షణమే కేబులు తీసి, చెత్తబుట్టలో గాక ఈ-వ్యర్థములు సేకరించువారికి అప్పగింపుడు.