సర్కారు చందా, సొంత డంకా

1874లో వీరేశలింగం పంతులుగారు ‘వివేకవర్ధని’ పెట్టి, లంచాలు మింగే పెద్దలను ఉతికి ఆరేశారు. పాపం, అమాయకులు! చదివేవాణ్ని నమ్ముకున్నారు గానీ, ఖజానాను నమ్ముకోవాలని తోచలేదాయనకు.

ఆ లోటు 2022లో తీరింది. పథకాలపై దుష్ప్రచారాన్ని తిప్పికొట్టాలంటే గ్రామ, వార్డు వాలంటీర్లు పేపరు చదవాలంటూ, జగన్ ప్రభుత్వం తలకు నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. అప్పటికి వాలంటీర్లు రెండున్నర లక్షల పైచిలుకు. నెలకు ఐదు కోట్ల పైమాటే. సర్క్యులేషన్ బాగా ఉన్న పేపరన్నారు గానీ, ఫలానాదని జీవోలో రాయలేదండి. అంత మొరటుతనం దేనికి? అప్పటి ముఖ్యమంత్రిగారి కుటుంబానికి ‘సాక్షి’ ఉందని ఊరందరికీ తెలుసు, జీవోకే తెలీదు! ‘ఈనాడు’ కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు పంపింది. అమలాపురం వాలంటీరు చేతిలో ఏ పేపరుండాలో యమున ఒడ్డున తేలాలన్నమాట.

2024లో సర్కారు మారింది. ప్రకటనలన్నీ ‘ఈనాడు’, ‘ఆంధ్రజ్యోతి’లకే దోచిపెడుతున్నారని ఇప్పుడు వైసీపీ గుండెలు బాదుకుంటోంది. మన కాలువల మీద లస్కరు ఏ తలుపెత్తితే ఆ చేలోకే నీళ్లు. ప్రకటనల సొమ్మూ అంతే. కాకపోతే శివారు రైతు నీళ్లు సమంగా పంచమంటాడు. పేపర్లు మాత్రం లస్కరును మార్చమంటాయి.

సొమ్ముకు లొంగనివాళ్ల కోసం కేబుల్ వైరుంది. 2016 జూన్‌లో కిర్లంపూడిలో కాపు నేత ముద్రగడ దీక్షకు కూర్చోగానే సాక్షి టీవీలో బొమ్మ పోయింది. 2019లో గద్దె మారాక టీవీ5, ఏబీఎన్ మాయం. 2024లో మళ్లీ మారేసరికి సాక్షి, టీవీ9, ఎన్టీవీల వంతు. పత్రికాస్వేచ్ఛ మీద ఉపన్యాసం మాత్రం ఒక్కటే. ఎప్పుడు ఎవరు ఓడితే వాళ్లు చదువుతారు.

పక్షపాతం వద్దనడం లేదండి. ఎవరి బాకా వాళ్లు ఊదుకోవచ్చు, సొంత ఊపిరితో. కాకినాడలో బండికి పెట్రోలు పోయించుకున్నవాడు కట్టిన పన్నుతో కాదు. అందుకే ఏలినవారికి ఒక చిన్న మనవి: నవ్వుమొహంతో ఫుల్‌పేజీ ప్రకటన ఇచ్చిన ప్రతిసారీ, దాని బిల్లెంతో అడుగున అచ్చు వేయించండి. ఆ పేజీలో నిజం అదొక్కటైనా ఉంటుంది, ఆయ్!